పచ్చగుడ్డ ముందు అమ్మ చేతులు

వీడియోలను కత్తిరించి అతికించే చదువు ఒకటి ఉందనీ, మా ఊళ్ళోనే కద్మా పేటలో ఆడపిల్లలకు దాన్ని ఊరికే నేర్పుతున్నారనీ మా ఇంటికి మొదట కబురు తెచ్చింది గాజులమ్మ.

ఆమెకు మరో పేరు ఉండే ఉంటుంది. మేమెవరమూ అడగలేదు. నెలకొకసారి, ఈ ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో మేముండే పేట బర్మామైన్స్‌లో మా సందులోకి గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చేది. మా గడప మీద కూర్చుని అమ్మ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకునేది. కణుపుల మీద కాస్త సబ్బునీళ్ళు రాసి, అరచేతిని మెల్లగా నొక్కి, గాజు చిట్లకుండా ఎక్కించేది. ఆమె చేతులు మాత్రం బోసిగా ఉండేవి. భర్త పోయి చాలా ఏళ్ళయిందట. అలాంటి మనిషి చేత గాజులు వేయించుకోవడమేమిటని పక్క వాటాలోని పెద్దావిడ ఒకసారి అంటే, "ఏసే సెయ్యి మంచిదైతే సాలు, అత్తా" అని అమ్మ తలుపు దగ్గరగా వేసేసింది.

ఆ రోజు గాజులమ్మ అమ్మ చెయ్యి పట్టుకునే నా వంక చూసింది.

"ఓలమ్మీ, కద్మాలో ఒక హాల్లో సూసినాను. గోడకి పచ్చగుడ్డ కట్టీసి ఒక పిల్లని నిలబెట్టినారు. పక్కనున్న టీవీలోకి సూత్తే ఆ పిల్ల సముద్రం ఒడ్డునుంది! నాను రెండుసార్లు కళ్ళు తుడుసుకున్నాను. అడిగితే, ఎవులైనా రావొచ్చు, డబ్బులక్కర్నేదు, పది పాసైతే సాలన్నారు. నువ్వు పదైనావు గదా?"

"దానికి టీవీ వెలుగు పడదు," అంది అమ్మ నా బదులు.

"డాక్టరన్నాడా, నువ్వన్నావా?"

అమ్మ రెండో చెయ్యి చాపింది. గాజులమ్మ ఇంకో పచ్చగాజు ఎక్కించింది. మా అమ్మ పెళ్ళినాటి నుంచీ పచ్చ గాజులు తప్ప వేసుకోదు. చేతికి డజను, ఎప్పుడూ నిండుగా.

చిన్నప్పుడు నాకు మూర్ఛ వచ్చేది. బడిలో మొదటి ఏడాదే రెండుసార్లు బెంచీ మీంచి పడ్డాను. రెండోసారి నుదురు పగిలింది. ఆ తర్వాత నన్ను బడికి పంపలేదు. నా చదువంతా ఇంట్లోనే. అమ్మ తెలుగు నేర్పింది, క్యాలెండరు వెనక అట్ట మీద. నాన్న లెక్కలు నేర్పాడు. ఆదిత్యపూర్‌లో చిన్న షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషన్ నడుపుతాడాయన. ఇనుము మీద గీతలు పెట్టే సుద్దముక్క జేబులో వేసుకుని వచ్చి, ఒక రేకు ముక్క మీద నాకు భిన్నాలు వేసి చూపించేవాడు. తప్పు రాస్తే కోప్పడేవాడు కాదు. రేకు తుడిచి మళ్ళీ ఇచ్చేవాడు. పది పరీక్ష ప్రైవేటుగా రాసి గట్టెక్కాను. ఆ రేకు ఇప్పటికీ మా దేవుడి పీట కింద ఉంది. దానికి కూడా నేను దణ్ణం పెట్టుకుంటాను.

ఎనిమిదో ఏట ఆఖరిసారి మూర్ఛ వచ్చినప్పుడు నాన్న మా తెలుగువాళ్ళ అమ్మవారి గుడికి వెళ్ళి మొక్కుకున్నాడు. "నా కూతురు ఒక్కతీ గడప దాటి, ఎవరి సెయ్యీ పట్టుకోకుండా ఎల్లి రాగలిగినంత వరకూ నీ దారం నా సేతికి ఉంటాది" అని. పూజారి ఎర్రదారం ఇచ్చాడు. ఏడాదికొకసారి పాతది విప్పి ఖర్కయి నదిలో వదిలి, కొత్తది నా చేతే కట్టించుకుంటాడు. అమ్మవారి దారానికి కత్తెర తగలకూడదంటారు మావాళ్ళు. అందుకని ముడి వేశాక మిగిలిన రెండు కొసలూ అలాగే వదిలేస్తాం. ఆయన కుడి మణికట్టు దగ్గర అవి వేలెడు పొడవున వేలాడుతూ ఉండేవి.

మందులు మానేసి చాలా ఏళ్ళయింది. మూర్ఛ మళ్ళీ రాలేదు. అది మందుల చలవా, దారం చలవా అని నేనెప్పుడూ విడదీసి ఆలోచించలేదు. రెండూ ఇచ్చిన దేవుడు ఒక్కడే కదా. కానీ భయం మాత్రం పోలేదు. ఇరవై ఏళ్ళు వచ్చినా సందు చివరి కిరాణా కొట్టు దాటి ఒంటరిగా వెళ్ళి ఎరగను.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడిగాం. స్క్రీన్ ముందు కూర్చోవచ్చు, మధ్య మధ్య కళ్ళకు విశ్రాంతి ఇమ్మన్నాడు. అమ్మకు ఒక సాకు పోయింది. నాకూ ఒక సాకు పోయింది.

మొదటి వారం అమ్మ నాతో ఆటోలో వచ్చి హాలు బయట మెట్ల మీద కూర్చుంది. రెండో వారం సగం దూరం వచ్చింది. మూడో వారం నుంచి నేనొక్కదాన్నే. దారి పొడవునా పెదాలు కదపకుండా జపం చేసుకునేదాన్ని. ఆటో కుదుపుకు తల తిరిగితే, ఇదేనా, ఇలాగే మొదలవుతుందా అనుకునేదాన్ని. హాల్లో తలుపుకు దగ్గరగా ఉన్న కుర్చీ ఎంచుకున్నాను. పడితే బయటికి లాగడం తేలిక అని.

నేర్పేది ఒక బిహారీ అక్క. అందరం దీదీ అనేవాళ్ళం. మొదటి రోజు కంప్యూటర్లో ఒక పెళ్ళి వీడియో ఇచ్చి కత్తిరించమంది. వీడియో అంతా తెర కింద ఒక పొడుగాటి పట్టీలా పరుచుకుని ఉంటుంది. ఎక్కడ నొక్కితే అక్కడ తెగుతుంది. నాకు చెయ్యి రాలేదు. ఎవరి పెళ్ళో, ఎవరి తల్లో ఏడుస్తోంది, ఆ ఏడుపును నేను తెంపేస్తే ఇక అది ఎక్కడా ఉండదేమోనని.

దీదీ నా వెనక నిలబడి నవ్వింది. నువ్వు ఎంత కోసినా అసలు వీడియో పెట్టెలో అలాగే ఉంటుంది, నువ్వు కోసేది దాని నీడనే, తప్పనిపిస్తే వెనక్కి తీసుకో, అంది హిందీలో. నాన్న రేకు తుడిచి ఇవ్వడం గుర్తొచ్చింది. ఆ రోజు పదకొండు కోతలు కోశాను. ఇంటికి వచ్చి దేవుడికి పదకొండు దణ్ణాలు పెట్టాను.

తర్వాత పచ్చగుడ్డ పాఠం వచ్చింది. గోడకు ముడత లేకుండా పచ్చగుడ్డ బిగించాలి. ముడత ఉంటే అది తెరలో మురికి మచ్చలా మిగులుతుంది. గుడ్డ మీద వెలుగు అంతటా ఒకేలా పడాలి. మనిషిని గుడ్డకు నాలుగడుగులు ఎడంగా నిలబెట్టాలి, లేకపోతే పచ్చదనం చెంపలకు అంటుతుంది. తీశాక కంప్యూటర్లో ఆ పచ్చరంగును చూపించి "ఇది తీసెయ్" అంటే చాలు, పచ్చ ఉన్న చోటంతా కన్నం పడుతుంది. ఆ కన్నంలోంచి మనం వెనక పెట్టిన దృశ్యం కనబడుతుంది. సముద్రం పెడితే సముద్రం.

"పచ్చ బట్టలు వేసుకోకూడదు," అని దీదీ మూడుసార్లు చెప్పింది. ఇంట్లో ఒకరిని తీసుకొచ్చి, వాళ్ళు చూడాలనుకుని చూడలేకపోయిన చోట నిలబెట్టమంది. అదే మా చివరి పరీక్ష.

అమ్మను అడిగాను. కాశీ అంటుందనుకున్నాను.

"మీ నాన్న పని సేసే మిషన్ కాడ నిలబెట్టు," అంది. "పెళ్ళై వచ్చిన కాడ్నుంచీ ఆ మిషన్ పేరు వింటన్నాను. ఒక్కరోజూ సూళ్ళేదు. ఆడోళ్ళని లోపలికి రానివ్వరంటాడు."

"అది నా రెండో పెళ్ళాం, నీకు సూపించను," అన్నాడు నాన్న అన్నం కలుపుకుంటూ.

"అందుకేగా సూడాలి!"

షెడ్డు యజమానిని అడిగి, నాన్న తన ఫోను పనిముట్ల పెట్టెకు ఆనించి, మిషన్ ముందు రెండు నిమిషాలు పని చేసి పట్టుకొచ్చాడు. ఇనుపకడ్డీని మూడు పళ్ళతో బిగించి పట్టుకుని గిర్రున తిరిగే ఇనుప దవడ ఒకటి ఉంటుంది దానికి, చక్ అంటారు. తిరుగుతున్న కడ్డీ మీద నాన్న గరుకు కాగితం పెట్టి నున్న చేస్తున్నాడు. నేను ఆ రెండు నిమిషాలూ గర్వంగా చూశాను. ఏమీ చూడలేదని తర్వాత తెలిసింది.

అమ్మ తన మెరూన్ చీర కట్టుకుని కద్మా వచ్చింది. దీదీ పట్టి పట్టి చూసింది. చీరలో పచ్చ లేదు. రవికలో లేదు. అంచు పసుపు. సరే అంది. అమ్మ పచ్చగుడ్డ ముందు నిలబడి, ఎదురుగా మిషన్ ఉన్నట్టు ఊహించుకుని రెండు చేతులూ జోడించింది. ఏం మాట్లాడాలో నేను చెప్పలేదు. తనే అంది.

"ఇదిగో, రోజూ పొద్దున్న ఆయన్ని నీకాడికి పంపుతన్నాను. సాయంత్రానికి మళ్ళీ నాకు అప్పగించు. ఎలగ పంపినానో అలగే."

దీదీకి తెలుగు రాదు. అయినా లైటు ఆపకుండా కాసేపు అలాగే నిలబడింది.

మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మవారిని తలుచుకుని పచ్చరంగు మీద నొక్కాను. పచ్చ పోయింది. అమ్మ నాన్న మిషన్ పక్కన నిలబడింది! నాకు ఊపిరి ఆగినంత సంతోషం. ఆమె చేతులు జోడించింది.

మణికట్ల దగ్గర ఏమీ లేదు.

జోడించిన అరచేతులు గాలిలో ఉన్నాయి. ముంజేతులు మణికట్టుకు ముందే ఆగిపోయాయి. ఆ రెంటి మధ్య, చేతికి డజను గాజులు ఉండాల్సిన చోట, కన్నం. ఆ కన్నంలో చక్ గిర్రున తిరుగుతోంది.

"అరే, ఆంటీ కే హాథ్ కహా గయే?" అని పక్క అమ్మాయి గట్టిగా నవ్వింది. చేతులెటు పోయాయని అందరూ లేచి వచ్చి చూశారు. దీదీ కూడా నవ్వి, అవి పచ్చ గాజులు కదా, అంది హిందీలో.

చీర చూశాం, రవిక చూశాం. గాజులు ఎవరమూ చూడలేదు. దీదీ చూడకపోవడంలో వింతేముంది? నేను చూడకపోవడమే వింత. అయితే అమ్మ గాజులు నాకు ఎప్పుడూ తొడుక్కున్న వస్తువులా అనిపించలేదు. అవి ఆమె చెయ్యి. నిద్రలో నా నుదుటి మీద పడే చప్పుడు.

వాళ్ళు నవ్వుతుంటే నేను తెర ఆపేశాను. ముత్తైదువ చేతికి గాజు చిట్లితేనే, చిట్లిందనరు, పెరిగిందంటారు. పాతవి తీసేటప్పుడు ఒక్కటైనా ఉంచి, కొత్తవి ఎక్కాకే దాన్ని తీస్తారు. అలాంటిది నా చేత్తో నేనే నొక్కి, అమ్మ రెండు చేతుల గాజులూ ఒక్క క్షణంలో తీసేశాను. అదీ నాన్న మిషన్ ముందు. ఆయన గురించి ఆమె మొక్కుతున్న మాట మీద.

ఆ సాయంత్రం నాన్న రావలసిన వేళకు రాలేదు. గడపలో నిలబడ్డాను. సందు మలుపులో ప్రతి స్కూటరు చప్పుడుకూ గడప దిగి చూసేదాన్ని. అరగంట తర్వాత వచ్చాడు, సంచిలో కాలీఫ్లవర్ పట్టుకుని. ఖర్కయి బ్రిడ్జి మీద ట్రాఫిక్ జామట. ఆయన కుడిచెయ్యి చూశాను. వేళ్ళు లెక్కపెట్టాను.

నాలుగు రోజులు అలా గడిచాయి. అమ్మకు చెప్పలేను. చెబితే ఆమె అన్నం మానేస్తుంది. పొద్దున్నే నాన్న చెప్పులు తొడుక్కుంటుంటే, "ఈ రోజు మానీ నాన్నా," అనేదాన్ని.

"ఎందుకే? కడుపునొప్పా? నీకా, నాకా?"

"ఊరికే."

"ఊరికే మానేత్తే షెడ్డులో నా పేరు ఊరికే తీసీత్తారు," అని నవ్వుతూ స్కూటరు ఎక్కేవాడు. ఆయన మలుపు తిరిగాక నేను దేవుడి పీట ముందు కూర్చునేదాన్ని. దీపం రెపరెపలాడితే అదో భయం. రెపరెపలాడకపోతే అదో భయం.

ఐదో రోజు గాజులమ్మ వచ్చింది. అమ్మ నీళ్ళ కుళాయి దగ్గరుంది. నేను గాజులమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను.

"పెద్దమ్మా, ఎర్ర గాజులున్నాయా? అమ్మకి అవి ఎయ్యి. పచ్చవన్నీ తీసీ. ఎందుకని అడక్కు."

"అడక్కుండా ఎలగేత్తాను? నిండుగున్న గాజులు తీయడానికి నా సెయ్యాడదు."

ఏడుస్తూ అంతా చెప్పాను. పచ్చగుడ్డ, కన్నం, చక్, నాన్న. ఆమె మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివరికి కొంగుతో నా ముక్కు తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు.

"మీ అమ్మ గాజులు పచ్చవైతే, గుడ్డ మార్సుకో. గుడ్డకేటి రోగం? పచ్చదే కట్టాలని రాసుందా?"

ఐదు రోజులుగా అంతమంది ఉన్నాం హాల్లో. ఎవరికీ తోచలేదు.

"అది సరే పెద్దమ్మా. కానీ శకునం..."

ఆమె మలారం పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. తన బోసి మణికట్టును రెండో చేత్తో పట్టుకుంది.

"మా ఆయన బొగ్గు మోసే బెల్టు కాడ సేసీవోడు, కాంట్రాక్టులో. మెడలో తువ్వాలు ఏసుకునీవోడు. నానే కొన్నాను, సెమట తుడుసుకుంటాడని. ఆ తువ్వాలునే బెల్టు లాగీసినాది." ఖాళీ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. "ఆ పూట నా సేతులకి రెండు డజన్లున్నాయి, అమ్మీ. కొత్తవి. ఒక్కటీ సిట్లనేదు. కబురు ఒచ్చినప్పుడు కూడా గలగలమంటానే ఉన్నాయి. ఏ గాజూ నాకు సెప్పనేదు."

కుళాయి దగ్గర బిందె చప్పుడైంది. ఆమె గొంతు తగ్గించింది.

"నువ్వు టీవీలో పోయిన గాజుల్ని సూసి ఏడుత్తన్నావు. ఆ మిషన్ని సూసినావా? మీ నాన్న దాని కాడ ఏటి తొడుక్కుంటాడు, మెడలో ఏటుంటాది, సేతికేటుంటాది, అవి సూసినావా? నాను సూళ్ళేదు. నాకు సూపించీవోడే నేకపోయినాడు. నీకాడ వీడియో ఉంది గదా."

మర్నాడు హాల్లో అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. అమ్మను పక్కన పెట్టేసి, నాన్న రెండు నిమిషాల వీడియో ఒక్కటే తెరిచాను. ఒక్కో సెకను ఇరవై ఐదు బొమ్మల వరస. మామూలుగా చూస్తే అవి కలిసిపోయి కదలికలా కనబడతాయి. ఒక మీట నొక్కుకుంటూ పోతే ఒక్కొక్క బొమ్మా ఆగి కనబడుతుంది. నొక్కుతూ పోయాను. మెడలో ఏమీ లేదు. చొక్కా చేతులు మడిచే ఉన్నాయి. నాన్న జాగ్రత్త మనిషే. అమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఆయన గరుకు కాగితాన్ని కడ్డీ చివరికి, చక్ వైపు జరిపాడు.

కుడి మణికట్టు దగ్గర ఎర్రగా ఏదో ఉంది. ఒక బొమ్మ ముందుకు. రెండు కొసలూ కిందికి వేలాడుతున్నాయి. ఇంకో బొమ్మ. ఒక కొస లేచింది. ఇంకొకటి. తిరిగే చక్ విసురుకు ఆ కొస అడ్డంగా, సూటిగా, దాని పళ్ళ వైపు సాగి ఉంది. మధ్య ఎడం నా చిటికెన వేలంత లేదు. తర్వాతి బొమ్మలో చెయ్యి వెనక్కి వచ్చేసింది. మామూలుగా చూస్తే రెప్పపాటు కూడా కాదు. రెండు నిమిషాల్లో అలా మూడుసార్లు. రోజుకు ఎనిమిది గంటలు. ఏళ్ళ తరబడి.

ఆ దారం నేను కట్టింది.

దీదీని పిలిచాను. ఆమె చూసింది. ఈసారి నవ్వలేదు. ఆ మూడు బొమ్మలనూ నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చింది. "ఆజ్ హీ దిఖానా," అంది, ఈ రోజే చూపించమని. ఆ దీదీ చల్లగా ఉండాలి.

సాయంత్రం నాన్న టీ తాగుతుండగా ఫోను ఆయన ముందు పెట్టాను. అమ్మ కూడా వంగి చూసింది. ముందు గాజుల సంగతి చెప్పాను, తర్వాత దారం సంగతి. అమ్మ తన చేతులు కొంగులోకి లాక్కుంది. నాన్న నవ్వబోయాడు.

"ఇరవై రెండేళ్ళ నుంచి తిప్పుతన్నాను దాన్ని. కుఛ్ నహీ హోతా, ఏటీ కాదు. అదీ నేనూ మొగుడూ పెళ్ళాం లాగ."

"అయితే నానెవర్ని?" అంది అమ్మ. ఎవరూ నవ్వలేదు.

మూడో బొమ్మ దగ్గర ఆయన వేలు ఆగింది. చాలాసేపు చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

"పోనీ లోపలికి దోపుకుంటాను కొసలు."

"సెమటకి జారి పైకొస్తాయి నాన్నా. ఇప్పీ."

"ఇప్పను." ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నువ్వు నా ఒళ్ళో కొట్టుకుంటంటే సూసినోణ్ణి నేను. నీ పళ్ళ మధ్య నా ఏలు పెట్టినోణ్ణి. ఇది కట్టిన కాడ్నుంచి మళ్ళీ రాలేదు. దీన్ని తీసీసిన రోజు నీకేటైనా అయితే?"

"తీయకపోతే నీకేటైనా అయితే?"

అన్నాళ్ళుగా ఇద్దరి భయాలూ ఆ ఒక్క దారానికే వేలాడుతున్నాయని అప్పుడు తెలిసింది. ఆయన భయం ఒక కొసన, నాది ఇంకో కొసన.

నాకు ధైర్యం లేదు. నిజంగా లేదు. మూర్ఛ అనే మాట ఎత్తితేనే ఇప్పటికీ నా నాలుక కింద ఇనుపరుచి వస్తుంది. అయినా అడిగాను.

"మొక్కులో ఏమన్నావు నాన్నా? మాటలు సెప్పు."

"నా కూతురు ఒక్కతీ గడప దాటి..." అని మొదలుపెట్టి ఆగాడు.

"ఎవరి సెయ్యీ పట్టుకోకుండా ఎల్లి రాగలిగినంత వరకూ," అని అమ్మ పూర్తి చేసింది. "అది కద్మా ఎల్లి వత్తంది. ఆటోలో. ఒక్కతీ. రెండు నెలలైనాది."

నాన్న నా వంక చూశాడు. ఏదో లెక్క సరిచూస్తున్నట్టు చూశాడు. తర్వాత కుడిచెయ్యి నా ముందుకు చాపాడు.

ముడి నూనెకూ ఇనుప రజనుకూ రాయిలా గట్టిపడింది. కత్తెర వాడకూడదు. నా గోళ్ళకు రాలేదు. అమ్మ తలలోంచి పిన్ను తీసి ఇచ్చింది. అమ్మవారిని క్షమించమంటూనే పిన్నుతో ముడి కొద్దికొద్దిగా వదులు చేశాను. ముడి వదిలాక ఆయన మణికట్టు మీద తెల్లటి గీత కనబడింది. అన్నేళ్ళుగా ఎండ తగలని గీత. అమ్మ దాని మీద తన పచ్చగాజుల చెయ్యి వేసి నొక్కింది.

మర్నాడు ముగ్గురం ఖర్కయి బ్రిడ్జి దాకా వెళ్ళాం. దారం నీళ్ళలో వదిలాను. నాన్న అటునుంచి అటే పనికి వెళ్ళాడు. ఆ రోజంతా నాకు రెండు భయాలు. ఆయన చెయ్యి ఒకటి, నా తల ఒకటి. సాయంత్రం స్కూటరు చప్పుడు వినబడింది. పది వేళ్ళూ ఉన్నాయి. నేనూ పడలేదు. దేవుడికి అంతకంటే ఎక్కువ ఏమడుగుతాం?

దీదీకి గాజులమ్మ మాట చెప్పాను, గుడ్డ మార్చుకోమందని. దీదీ నుదురు కొట్టుకుంది. నీలం గుడ్డతోనూ ఇదే పని అవుతుందట, తనే పాఠంలో తర్వాత చెప్పాలనుకుందట. ఎవరింట్లోంచో నీలం దుప్పటి తెచ్చి, ఇస్త్రీ చేసి గోడకు బిగించాం. అమ్మ మళ్ళీ వచ్చి నిలబడింది. ఈసారి ఆ మాటలు అంటుంటే ఆమె గొంతు వణికింది. మొదటిసారి వణకలేదు. అప్పటికి ఆమెకు ఆ మిషన్ గురించి తెలియదు కదా. వెనక పెట్టే వీడియో కూడా నాన్న కొత్తది తీసి తెచ్చాడు. బోసి మణికట్టుతో.

నీలం మీద నొక్కాను. నీలం పోయింది. అమ్మ చేతులు జోడించింది. ఇరవై నాలుగు గాజులూ ఉన్నాయి. ఒక్కొక్క బొమ్మా ఆపి లెక్కపెట్టాను.

ఇప్పుడు పెళ్ళి వీడియోలు కూర్చే పని నాకు దొరికింది. ఎవరి చేతులు కనిపించినా ముందు మణికట్టు చూస్తాను. తల తిరిగితే ఇప్పటికీ తలుపెక్కడుందో చూసుకుంటాను. ఇది రాస్తున్న రోజు వరకూ నేను పడలేదు. నాన్న చేతికీ ఏమీ కాలేదు. రేపటి సంగతి నాకు తెలియదు.

గాజులమ్మకు ఆ వీడియో చూపించాలని ఫోనులో పెట్టుకుని నెలంతా ఎదురుచూశాను. ఆమె రాలేదు. మరుసటి నెలా రాలేదు. కద్మాలో ఆమె వెళ్ళే ఇళ్ళలో అడిగాను. బరంపురం వైపు తమ్ముడింటికి వెళ్ళిపోయిందని ఒకరన్నారు, ఒంట్లో బాగోలేదని ఒకరన్నారు. పేరు తెలిస్తే ఇంకొంచెం వెతికేదాన్నేమో. అన్నేళ్ళు మా గడప మీద కూర్చుంది, మేం పేరు అడగలేదు.

రోజూ దీపం పెట్టినప్పుడు అమ్మనూ నాన్ననూ తలుచుకున్నాక ఆమెను గాజులమ్మ అనే తలుచుకుంటాను. ఆ పేరుతో దేవుడికి తెలుస్తుందనే నమ్మకం. ఇది చదివిన మీరు మా కోసం ఏమీ చెయ్యనక్కర్లేదు. మీ ఇంట్లో ఎవరైనా మిషన్ దగ్గరికి పనికి వెళ్ళేవాళ్ళుంటే, పొద్దున్నే వాళ్ళు చెప్పులు తొడుక్కునేటప్పుడు మెడా చేతులూ ఒక్కసారి చూడండి. చూసినప్పుడు, బోసి చేతులతో అందరికీ గాజులు వేసిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.